రంగు సంగతి కాదు, చర్మం సంగతి

ఈ ఉగాది సంచికకి "అందానికి చిట్కాలు" అన్న శీర్షిక కింద రెండు పేజీలు రాసిపెట్టమని సంపాదకవర్గంలో ఉన్న మిత్రురాలు ఫోన్ చేసింది. "నేను చర్మవ్యాధుల డాక్టర్ని కాదు కదే, ఇంటర్నల్ మెడిసిన్ దాన్ని" అన్నాను. "ఏదైతేనేం, డాక్టరువేగా! ఏ చర్మానికి ఏం రాసుకోవాలో నాలుగు ముక్కలు రాయి. సంక్రాంతి సంబరాల్లో అందరూ నిన్నదే అడుగుతున్నారు కదా" అంది.

అదీ నిజమే. మన సంఘం కార్యక్రమాల్లో పులిహోర ప్లేటు పట్టుకుని ఒక మూల నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి గడ్డం చూపిస్తారు, మరొకరు మోచెయ్యి చూపిస్తారు. చివరికి ఎవరో ఒక తల్లి, పక్కనే పిల్ల నిలబడి వింటుండగానే, "దీని రంగు కొంచెం తేలడానికి ఏమన్నా ఉందా అండీ?" అని అడుగుతుంది. మొదటి ఇద్దరికీ నా దగ్గర సమాధానం ఉంటుంది. మూడో ప్రశ్నకి ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకోవడం తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతే చెప్పాలి.

రెండేళ్ళ క్రితం మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్నారు. అప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్ళు. దాని మెడ వెనక నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా ఒక పట్టీ కనిపించేది. "పిల్ల మెడ సరిగ్గా రుద్దుకోవట్లేదమ్మా" అని అత్తయ్యగారు ప్రతి శనివారం నూనె అంటి, సున్నిపిండితో ఆ మెడని రుద్దేవారు. నేనూ ఊరుకోలేదు. స్నానానికి వెళ్తుంటే "మెడ తోముకో" అని వెనకనుంచి అరిచేదాన్ని. నైలాను పీచు కూడా కొనిచ్చాను. మెడ ఎర్రబడిందే గాని తెల్లబడలేదు. పిల్ల ఎండాకాలంలో కూడా కాలరున్న చొక్కాలు వేసుకోవడం, జుట్టు విరబోసుకోవడం మొదలుపెట్టింది. ఈడొస్తున్న పిల్ల సిగ్గు అనుకున్నాను.

ఆ ఏడు స్కూలు తెరిచే ముందు పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నల్లజాతి మహిళ. పిల్ల జుట్టు పైకెత్తి మెడ ఒక్క క్షణం చూసి, "షుగరు పరీక్ష ఎప్పుడైనా చేయించారా?" అని నన్ను అడిగింది. నేను రోజూ మధుమేహం రోగుల్ని చూసే డాక్టర్ని. ఆ మచ్చకి అకాంథోసిస్ నైగ్రికాన్స్ అనే పేరుందనీ, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువై, అది చర్మకణాల్ని అతిగా పెరిగేట్టు చేస్తే అలా వస్తుందనీ పరీక్షల్లో రాసి పాసైనదాన్ని. నా రోగుల మెడల మీద చూసి గుర్తుపట్టినదాన్ని. ఇంట్లో మాత్రం దాన్ని మట్టి అనుకున్నాను. రక్తపరీక్షలో ఎ1సి 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి గుమ్మం లాంటిది.

ఇంటికొచ్చే దారిలో కారులో పిల్ల ఒక్కటే మాట అడిగింది. "అమ్మా, నేను మురికిగా లేనని ఇప్పుడు నమ్ముతావా?"

ఆ ప్రశ్నకి నేనింకా సమాధానం వెతుక్కుంటూనే ఉన్నాను. ఈ వ్యాసం అందులో ఒక భాగం.

ఒకే ఏడాది పుట్టిన రెండు లెక్కలు

1975లో రెండు సంగతులు జరిగాయి. మన దేశంలో హిందుస్థాన్ లీవర్ వాళ్ళు ఫెయిర్ అండ్ లవ్లీ క్రీముని బజారులోకి తెచ్చారు. అదే ఏడాది ఇక్కడ బోస్టన్‌లో హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ చర్మాన్ని రకాలుగా విడదీసే పద్ధతి ఒకటి ప్రచురించారు. సోరియాసిస్ రోగులకి ఇచ్చే కాంతి చికిత్సలో ఎవరికెంత మోతాదు ఇవ్వాలన్నది ఆయన సమస్య. జుట్టు, కళ్ళ రంగు చూసి మోతాదు ఇస్తే కొందరికి చర్మం కాలుతోంది. అందుకని రోగినే అడిగారు: ఎండలో నిలబడితే నీ చర్మం కందుతుందా, నల్లబడుతుందా? మొదట తెల్లవారిని మాత్రమే నాలుగు రకాలు చేశారు. మనలాంటి గోధుమ రంగు వారికి అయిదో రకం, బాగా నల్లని వారికి ఆరో రకం తరవాత చేర్చారు. మన ఇళ్ళలో ఎక్కువమంది నాలుగు, అయిదు రకాల్లోకి వస్తారు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళు కూడా వేరువేరు రకాలు కావచ్చు.

ఒక లెక్క, ఈ చర్మం ఎండకి ఏమంటుంది అని అడిగింది. రెండో లెక్క, ఈ చర్మం ఎంత తెలుపు అని అడిగింది. మన ఇళ్ళలో చలామణీ అయింది రెండోదే. పిల్ల పుట్టగానే "రంగు ఎవరిదొచ్చింది" అని అడుగుతాం గాని, "పొడి చర్మమా, జిడ్డు చర్మమా" అని ఎవరం అడగం. గోడ మీద నీలమేఘశ్యాముణ్ణి పెట్టుకుని, పెళ్ళి ప్రకటనలో మాత్రం పచ్చని ఛాయ కావాలని రాస్తాం.

2013 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో మన తెలుగింటి పిల్ల నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం పెట్టుకున్నప్పుడు మనమంతా పొంగిపోయాం. ఆ కిరీటం అందుకున్న మొదటి భారత సంతతి అమ్మాయి ఆమే. ఆ రాత్రే కొందరు అమెరికన్లు ఆమె పుట్టుపూర్వోత్తరాల మీద నోటికొచ్చినట్టు రాశారు. అది మనకి కోపం తెప్పించింది. కాని ఆ వారంలోనే మన దేశంలో ఇంకో చర్చ నడిచింది: ఈ రంగుతో ఇండియాలో అయితే ఈ అమ్మాయి గెలిచేదా? ఆ చర్చ మీద మనకెవరికీ అంత కోపం రాలేదు, ఎందుకంటే జవాబు మనకి ముందే తెలుసు.

2020లో కొంత కదలిక వచ్చింది. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. డల్లాసులో ఉండే ఒక భారతీయ మహిళ మొదలుపెట్టిన అర్జీతో షాదీ డాట్ కామ్ వాళ్ళు చర్మం రంగుని బట్టి సంబంధాలు వెతికే సదుపాయాన్ని తీసేశారు. పేర్లు మారడం మంచిదే. కాని డబ్బా మీద పేరు మారినంత తేలిగ్గా ఇంట్లో మాట మారదు.

సూట్‌కేసులో వచ్చే క్రీములు

ఇండియా నుంచి వచ్చేవాళ్ళ చేత మనం ఆవకాయ, కందిపొడి, చీరలతో పాటు చిన్న చిన్న క్రీము ట్యూబులు కూడా తెప్పించుకుంటాం. "మా చెల్లెలు వాడింది, వారంలో మెరిసిపోయింది" అంటారు. వారంలో మెరిపించే వాటిలో చాలాసార్లు ఉండేది బలమైన స్టెరాయిడ్. మొదటి వారం ముఖం నునుపు తేలుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి ఎర్ర నరాలు కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి, ఆడపిల్లలకి ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. మానేద్దామంటే మంట, ఎరుపు మొదలవుతాయి, దాంతో మళ్ళీ రాస్తారు. ఈ బాధ మన దేశంలో ఎంత ఎక్కువంటే అక్కడి చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా "స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం" అని పేరు పెట్టారు. 2018లో భారత ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది. స్టెరాయిడ్ విషం కాదు. ఎగ్జిమాకి డాక్టరు చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందు. ముఖానికి రంగుగా వాడితేనే ముప్పు.

రెండోది పాదరసం. నాటు తెలుపు క్రీములు కొన్నింటిలో ఇది ఉంటుంది, మూత్రపిండాల్నీ నరాల్నీ దెబ్బతీస్తుంది. రాసుకున్న తల్లికే కాదు, ఆవిడ చెంపకి చెంప ఆనించే పసిబిడ్డకీ చేరుతుంది. డబ్బా మీద కలోమెల్ అని గాని, మెర్క్యూరిక్, మెర్క్యురస్ అని గాని ఉంటే చెత్తబుట్టలో కూడా వెయ్యకండి, మీ కౌంటీ వాళ్ళు ప్రమాదకర పదార్థాలు తీసుకునే చోట ఇవ్వండి. అసలు ఏమున్నాయో రాయని డబ్బా అంతకంటే అనుమానించదగ్గది. మూడోది హైడ్రోక్వినోన్. ఇది అమెరికాలో 2020 నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. తెలియకుండా ఏళ్ళ తరబడి వాడితే తెల్లబడవలసిన చోట నీలి నలుపు తేలుతుంది.

మరి ఏ చర్మానికి ఏం చెయ్యాలి?

సంపాదకురాలి ఆజ్ఞ కూడా పాటించాలి కదా. నిజానికి చర్మానికి కావలసినవి మూడే: సున్నితంగా కడగడం, తేమ నిలపడం, ఎండ నుంచి కాపాడడం. ఎవరికి ఏది ఎంత అన్నదే తేడా.

మీ చర్మం ఏ రకమో తెలియడానికి పెద్ద పరీక్షలక్కర్లేదు. ముఖం మామూలుగా కడుక్కుని ఏమీ రాయకుండా గంట ఆగండి. బిగుసుకుని పొట్టు రేగితే పొడి చర్మం. నుదురు, ముక్కు, గడ్డం మాత్రమే మెరిస్తే మిశ్రమ చర్మం. మొత్తం మెరిస్తే జిడ్డు చర్మం. ఏది రాసినా మండితే సున్నిత చర్మం. ఇది జాతకం కాదు, మారుతూ ఉంటుంది. గుంటూరులో జిడ్డు చర్మం ఉన్న అమ్మాయే చికాగో జనవరిలో పొడి చర్మంతో నా దగ్గరకొస్తుంది.

పొడి చర్మం వారికి ఈ దేశంలో అసలు శత్రువు మంచు కాదు, మన ఇంటి హీటరు, మన వేన్నీళ్ళ స్నానం. పొగలు కక్కే నీళ్ళ కింద ఇరవై నిమిషాలు నిలబడితే చర్మంలో సహజంగా ఉండే కొవ్వు కరిగిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాలు చాలు. చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణం కలది. మామూలు సబ్బు క్షారం. అందుకే వాసన లేని, నురగ తక్కువ ఉండే క్లెన్సరు మేలు. ఒళ్ళు పూర్తిగా ఆరకముందే, తడి మీదే, సెరమైడ్లు ఉన్న చిక్కటి క్రీము రాయండి. పగిలిన మడమలకి 1872లో పేటెంటు పొందిన వాజెలిన్‌ని మించినది ఈనాటికీ అరుదు. డాలరు ఖరీదు మందుని పాతిక డాలర్ల సీసా ఓడించాలని లేదు.

జిడ్డు చర్మం వారు చేసే పొరపాటు, రోజుకి అయిదుసార్లు కడగడం. రెండుసార్లు చాలు. వీరికీ తేమ కావాలి, కాకపోతే నూనె లేని పల్చటి రకం. మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. అడాపలీన్ జెల్ 2016 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. గర్భిణులు మాత్రం దీన్ని వాడకూడదు. బఠాణీ గింజంత తీసుకుని రాత్రిపూట, మొదట రోజు విడిచి రోజు రాయండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. మన చర్మంలో మొటిమ తగ్గినా దాని మచ్చ నెలల తరబడి ఉంటుంది కాబట్టి, ఎంత త్వరగా వైద్యం మొదలుపెడితే అంత మంచిది. గిల్లితే మచ్చ ఖాయం. ఇంకో మాట: పిల్లల నుదుటి మీద మాత్రమే మొటిమలుంటే ముందు తలనూనె సంగతి చూడండి.

మంగు మచ్చలు ఉన్నవారికి ఎండ కాపు లేనిదే ఏ క్రీమూ పనిచెయ్యదు. "మన చర్మానికి సన్‌స్క్రీన్ ఎందుకండీ" అని చాలామంది అంటారు. మెలనిన్ కొంత రక్ష అన్నది నిజం. నల్లజాతి వారి చర్మానికి సహజంగా 13 ఎస్.పి.ఎఫ్. పాటి కాపుదల ఉందని 1979లో లెక్క కట్టారు. మనది అంతకంటే తక్కువ, మనకి చాలదు. 30 గాని, అంతకు మించి గాని ఎస్.పి.ఎఫ్. ఉండి, "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని రాసి ఉన్నది కొనండి. పైగా మన చర్మాన్ని అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా నల్లబరుస్తుంది. దానికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన, రంగు ఉన్న సన్‌స్క్రీన్ మేలు. తెల్లగా పూత కనిపిస్తుందన్న బెంగ కూడా తీరుతుంది.

సున్నిత చర్మం వారు కొత్తది ఏదైనా మోచేతి మడతలో కొన్నాళ్ళు రాసి చూసుకోవాలి. బొట్టుబిళ్ళ పెట్టుకునే చోట తెల్లమచ్చ గాని, దురద గాని వస్తే ఆ బిళ్ళ జిగురు పడలేదని అర్థం, వెంటనే మానెయ్యండి. పెళ్ళిళ్ళలో నిమిషాల్లో నల్లగా పండే "నల్ల గోరింటాకు"లో జుట్టురంగు రసాయనం ఉంటుంది, బొబ్బలు లేపగలదు. మన ఆకు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్ళకండి, కాలినట్టు మచ్చలు పడతాయి. లేజరుతో వెంట్రుకలు తీయించుకునేవారు మన రంగు చర్మానికి తగిన ఎన్.డి. యాగ్ లేజరు ఉందా అని ముందే అడగండి.

"మా అమ్మమ్మ వాడలేదా?"

ఇది చదివి పెద్దవాళ్ళు "సున్నిపిండి పెట్టి పెంచిన మేమంతా బాగానే ఉన్నాం కదా" అంటారు. నేను సున్నిపిండికి శత్రువుని కాను. ఉక్కపోసే కోస్తా ఊళ్ళో, నూనె పట్టించిన ఒంటి మీద, మెత్తటి సున్నిపిండి మంచి పనే చేసింది. స్నానానికి ముందు నూనె రాసుకోవడం ఈ చలిదేశంలో ఇంకా మంచిది. కాని అమ్మమ్మ చేసిన పనిలో తెలివి, ఉన్న ఊరికీ ఉన్న కాలానికీ తగ్గట్టు చెయ్యడంలో ఉంది. ఊరు మారినా పిండి మారకపోతే అది సంప్రదాయం కాదు, అలవాటు. నైలాను పీచుతో ఏళ్ళ తరబడి రుద్దితే ఆ రాపిడికే చర్మం నల్లబడుతుందని మన దేశపు చర్మవైద్యులే రాశారు. తెల్లబరుద్దామని రుద్ది నల్లబరుచుకుంటున్నామన్న మాట.

వైద్యంలో కూడా మన చర్మం గురించి తెలియనిది ఉంది. నేను చదివిన పుస్తకాల్లో దద్దుర్ల బొమ్మలన్నీ ఎర్రగా తెల్లచర్మం మీదే ఉండేవి. మన చర్మం మీద ఎరుపు ఊదాగానో గోధుమగానో కనిపిస్తుంది. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు నల్లజాతి వారిలో ప్రాణవాయువు తగ్గడాన్ని గుర్తించకపోవడం తెల్లవారిలో కంటే మూడింతలు ఎక్కువని చూపించారు. మన రంగు వారిలో ప్రమాదకరమైన మెలనోమా అరికాలులో, అరచేతిలో, గోటి కింద ఎక్కువగా వస్తుంది. పాటగాడు బాబ్ మార్లే 1981లో పోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. గోటి కింద కొత్తగా నల్లచార వచ్చి వెడల్పు అవుతుంటే దెబ్బ తగిలిందిలే అనుకుని ఆగకండి.

వైద్యం లేదనుకోనూ వద్దు. బొల్లికి రుక్సోలిటినిబ్ క్రీముని ఎఫ్.డి.ఎ. 2022లో అనుమతించింది. సోరియాసిస్‌కి వాడే మెథోట్రెక్సేట్, మొటిమలకి ఇచ్చే డాక్సీసైక్లిన్‌కి పూర్వీకురాలైన ఆరియోమైసిన్, రెండూ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చినవే. ఆయన కులస్థులమనీ జిల్లావాళ్ళమనీ చెప్పుకోవడం కంటే, మచ్చని దాచుకోకుండా డాక్టరుకి చూపించడం ఆయనకి ఎక్కువ గౌరవం.

మనం చెయ్యగలిగింది

మన సంఘానికి మూడు మనవులు. ఒకటి, ఆరోగ్య శిబిరంలో బి.పి. బల్ల పక్కన పిల్లల మెడలు చూసే బల్ల కూడా ఒకటి పెడదాం. ఆసియా వారికి బి.ఎం.ఐ. 23 దాటితేనే షుగరు పరీక్ష చేయించమని 2015 నుంచి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. మెడ, చంకలు నల్లబడిన పిల్లలున్న ఇంట్లో తల్లిదండ్రులు కూడా పరీక్ష చేయించుకోవాలి. రెండు, ఈ సంచికలో వచ్చే వివాహ ప్రకటనల్లో రంగు ప్రస్తావన తీసేద్దాం. మూడు, పిల్లల నృత్యాలకి మేకప్పు వేసేటప్పుడు ఎవరి రంగుకి తగ్గది వారికి వేద్దాం. సీత పాత్రకి పిల్లని ఎంచేటప్పుడు డైలాగు ఎవరు బాగా చెబుతారో చూద్దాం.

మా ఇంట్లో సంగతి చెప్పి ముగిస్తాను. జ్యూసు డబ్బాలు మానేశాం. రాత్రి అన్నం తగ్గింది, భోజనం కాగానే ముగ్గురం నడుస్తున్నాం. ఏడాదికి ఎ1సి 5.5కి దిగింది. మెడ మీది నలుపు పూర్తిగా పోలేదు గాని పల్చబడింది. తెనాలిలో అత్తయ్యగారికి ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తరవాత "పిచ్చితల్లిని ఎంత రుద్దానో" అన్నారు. "మీరొక్కరే కాదత్తయ్యా, నేనూ రుద్దాను" అన్నాను.

ఈ ఉగాదికి మా అమ్మాయి మన వేదిక మీద కూచిపూడి చేస్తోంది. పౌడరు దాని రంగుదే కొనుక్కుంది. జడ వేసుకుని మెడ కనిపించేలా కట్టుకుంటానంది. మీరు చూసినప్పుడు దాని నాట్యం గురించి మాట్లాడండి.